60 చాలా, 230 కావాలా? బోటు ఇంజన్ పెట్టిన తగవు

పేరు వెల్లడించవద్దని కోరుతూ ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆవిడా, ఆవిడ భర్తా ఉద్యోగ విరమణ తర్వాత తీరం వెంబడి తిరగడానికి ఒక డీజిల్ బోటు కట్టించుకుంటున్నారు. మొత్తం పొడవు 11.5 మీటర్లు, నీటిగీత దగ్గర 10 మీటర్లు. డ్రాయింగులో బరువు 8 టన్నులు. హల్ (బోటు అడుగూ పక్కలూ కలిసిన డొప్ప) పోత అయిపోయింది, పై గదుల పని నడుస్తోంది. ఇంజన్ కూర్చునే దిమ్మెలు మాత్రం ఇంకా కట్టలేదు. ఏ ఇంజనో నెలలోగా తేల్చమని యార్డు తొందరపెడుతోంది.

తేలడం లేదు. యార్డు మేస్త్రి 60 హార్స్‌పవర్ చాలంటున్నాడు. భర్తగారి అన్నయ్య 230 కన్నా తక్కువ పెడితే డబ్బు నీళ్లలో పోసినట్టే అంటున్నారు. ఆయనకు ఏళ్లుగా వేగంగా దూసుకుపోయే బోటు ఉంది, పైగా ఇంజన్ ఖర్చులో సగం అప్పుగా ఇస్తున్నది కూడా ఆయనే. భర్త అన్నయ్యకు ఎదురు చెప్పలేరు, మేస్త్రిని కాదనలేరు, భోజనాల దగ్గర ఈ ప్రస్తావన రాగానే లేచి వెళ్లిపోతున్నారు. బోటు ఉంచబోయేది ఒక ఏటి మొగ లోపల. అక్కడ ఆటు సమయంలో 4 నాట్ల ప్రవాహం బయటికి వస్తుంది (ఒక నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కిలోమీటర్లు). 'సగం సమయం చుక్కాని దగ్గర ఉండేది నేనే. బలం లేని ఇంజన్‌తో ఆ మొగ దగ్గర ఇరుక్కుంటే ఏమిటి గతి? అలాగని నెమ్మదిగా తిరగాలనుకున్నవాళ్లకు 230 ఎందుకో కూడా నాకు అర్థం కావడం లేదు' అని రాశారు. చివర్లో కొసరుగా మరో ప్రశ్న: యార్డులో పడి ఉన్న ఒక పాత ఇంజన్‌ను బాగుచేసి తక్కువకు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

అమ్మా, మీ ఉత్తరం చదివాక నాకు తోచిన మొదటి విషయం ఇది. మీ ఇంట్లో అందరూ ఒకే ప్రశ్న మీద వాదించుకుంటున్నారని మీరు అనుకుంటున్నారు. నిజానికి అక్కడ మూడు ప్రశ్నలున్నాయి. ప్రశాంతమైన నీటిలో ఈ బోటు ఎంతతో నడుస్తుందన్న దానికి మేస్త్రి 60 అని జవాబిస్తున్నాడు. తన బోటులా పరుగెత్తాలంటే ఎంత కావాలన్న దానికి మీ బావగారు 230 అంటున్నారు. మీరు అడిగేది, గాలీ, అలలూ ఎదురైనప్పుడు చేతిలో ఎంత మిగులు ఉండాలని. ఈ మూడో ప్రశ్నకు ఇంతవరకూ మీ ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేదు. ఇంజన్ ఎంచుకోవలసింది మాత్రం దాన్ని బట్టే.

అన్నిటికన్నా ముందు, బోటు వేగాన్ని నిర్ణయించేది ఇంజన్ కాదు, హల్. యార్డుకు వెళ్లి బోటు వెనుకభాగం పక్కన కింద కూర్చుని చూడండి. అడుగుగీత అమరం (బోటు వెనుక కొస) వైపు వచ్చేకొద్దీ పైకి లేచి, చివర దాదాపు నీటిగీతను అందుకుంటుంటే అది నీటిని తోసుకుంటూ పోయే డిస్‌ప్లేస్‌మెంట్ హల్. అదే గీత బల్లపరుపుగా చివరిదాకా వచ్చి, వెనుక చెక్క నీటిలో లోతుగా మునిగి నిటారుగా ఆగిపోతే అది సగం పైకి లేచి పరుగెత్తగలిగిన సెమీ డిస్‌ప్లేస్‌మెంట్ రకం. మీరు పంపిన ఫోటోలో గీత పైకి లేవడం స్పష్టంగా కనిపిస్తోంది. మీది మొదటి రకం.

ఇలాంటి బోటు నడిచేటప్పుడు తన అల తనే పుట్టిస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. అల పొడవు నీటిగీత పొడవుతో సమానమయ్యేసరికి ముందుభాగం ఒక శిఖరం మీద, అమరం మరో శిఖరం మీద ఉంటాయి. ఇంకా వేగం పెంచితే వెనుక శిఖరం బోటును దాటి వెనక్కి జరుగుతుంది, అమరం పల్లంలోకి దిగుతుంది, బోటు తన అల మీదికి తానే గట్టెక్కాల్సిన స్థితి వస్తుంది. ఈ హద్దును లెక్కించడం తేలిక: నీటిగీత పొడవును మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 2.43తో గుణిస్తే నాట్లు వస్తాయి. మీ 10 మీటర్లకు అది 7.7. వర్గమూలాన్ని 2తో గుణిస్తే వచ్చేది హాయిగా, పొదుపుగా నడిచే వేగం. మీకది 6.3 నాట్లు.

ఇక శక్తి. డిజైనర్లు మొదటి అంచనాకు వాడే ముతక సూత్రం ప్రకారం 10 టన్నుల బోటుకు, అడుగు శుభ్రంగా ఉండి నీరు కదలకుండా ఉంటే, 6.3 నాట్లకు సుమారు 24 హార్స్‌పవర్ కావాలి. 7.7 నాట్లకు 44. హల్ ఒప్పుకుంటే 11.5 నాట్లకు 145. చూశారా, మొదటి రెండింటి మధ్య వేగం తేడా నాటున్నర కూడా లేదు, శక్తి మాత్రం రెట్టింపుకు దగ్గరపడింది. మీ బావగారి 230ని ఇదే సూత్రంలో పెడితే కాగితం మీద 13 నాట్లు కనిపిస్తాయి. కానీ పైకి లేచే అమరం ఉన్న మీ హల్ దాన్ని ఇవ్వదు. వెనుకభాగం కూరుకుపోతుంది, ముక్కు ఆకాశం వైపు లేస్తుంది, చుక్కాని దగ్గర నిలబడ్డవారికి ఎదుటి నీరు కనబడదు, వెనుక లేచిన అల ఒడ్డున కట్టిన పడవలన్నిటినీ ఊపేస్తుంది. ఆయన బోటు వేరు, ఆయన అనుభవమూ వేరు. ఆ హల్ మీద ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజమే అయి ఉంటుంది.

10 టన్నులని ఎందుకన్నానో చెప్పాలి, ఎందుకంటే డ్రాయింగులో 8 ఉంది. ఇంజన్ ఎంపికలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. 800 లీటర్ల డీజిల్ అంటే 670 కిలోలకు పైమాటే. మంచినీళ్లు 500. 10 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు దాదాపు 2.3 కిలోలు, అది 60 మీటర్లు, దానికి తోడు 25 కిలోల లంగరు, కలిపి 160 దాటింది. బ్యాటరీలు 150, చిన్న పడవా దాని మోటారూ 100, మనుషులూ సామానూ పనిముట్లూ కలిపి 400. కూడండి, రెండు టన్నులు. బోటు నీటిలోకి దిగాక ఏళ్లు గడిచేకొద్దీ ఇది పెరుగుతుందే తప్ప తగ్గిన దాఖలా లేదు. డ్రాయింగులోని 8 టన్నులు ఖాళీ బోటు బరువా, నిండినదా అని మేస్త్రిని కాగితం మీద రాసివ్వమనండి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. ఎదురుగాలి 30 నాట్లు, మీరు 5 నాట్లతో దానికి ఎదురు వెళ్తున్నారనుకోండి. బోటు ముందు నుంచి గాలికి అడ్డుపడే వైశాల్యం 10 చదరపు మీటర్లుంటే గాలి సుమారు 200 కిలోల బలంతో వెనక్కి నెడుతుంది. ప్రొపెల్లర్ తీసుకున్న శక్తిలో సగం దాకా వృథా చేస్తుంది కాబట్టి, ఈ ఒక్క గాలికే ఇంజన్ నుంచి దాదాపు 14 హార్స్‌పవర్ పోతుంది. నిశ్చలమైన నీటిలో 5 నాట్లకు 12 చాలు. రెండూ కలిపి 26. అలలు కొట్టే దెబ్బకు ఇంకో పది, పన్నెండు వేసుకోండి. అడుగున నాచూ గుల్లలూ పట్టి ఉంటే ఇంకొంత. మొత్తం 40 దగ్గరికి చేరింది. గాలి 40 నాట్లయితే దాని తోపు 30 నాట్లప్పటి కన్నా ఒకటిన్నర రెట్లు దాటుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది.

60 హార్స్‌పవర్ ఇంజన్ దీన్ని మోయగలదా? పేపరు మీద మోయగలదు. కానీ కంపెనీ చెప్పే 60, పరీక్ష గదిలో 25 డిగ్రీల గాలితో కొలిచింది. ఇంజన్ గది వేడిగా ఉంటే కొంత తగ్గుతుంది. గేర్‌బాక్సూ షాఫ్టూ నాలుగైదు శాతం తింటాయి. పెద్ద ఆల్టర్నేటర్ బ్యాటరీలను నింపుతుంటే నాలుగు హార్స్‌పవర్ దాకా లాగుతుంది. మిగిలినదాన్ని గంటల తరబడి 80 శాతానికి మించి వాడకపోవడం మంచి అలవాటు. అన్నీ పోగా 43, 44 మిగులుతాయి. అంటే మేస్త్రి మాట తప్పు కాదు, కానీ ఆయన ఇచ్చే ఇంజన్‌కు చెడ్డరోజున మిగులు ఉండదు.

మొగ విషయంలో మాత్రం మీకు నచ్చని మాట చెప్పాలి. 4 నాట్ల ప్రవాహానికి ఎదురు వెళ్లడంలో హార్స్‌పవర్ పెద్దగా ఆదుకోదు. మీ హల్ గరిష్ఠంగా 7.7 దగ్గర ఆగుతుంది కాబట్టి 60తో నేల మీద లెక్కన మూడున్నర నాట్ల దాకా, 90తో 3.7, 230 పెట్టి ఇంధనం కాలబెడితే బహుశా ఇంకో నాటు. అక్కడ ప్రమాదం ప్రవాహం ఒక్కదానిదే కాదు. బయటికి వచ్చే ఆటు, లోపలికి వచ్చే సముద్రపు అలకు ఎదురైనప్పుడు అలలు పొట్టిగా నిటారుగా లేచి విరుగుతాయి. వెనుక నుంచి అలాంటి అల పట్టుకుంటే దాన్ని మించి పారిపోగల వేగం మీ బోటుకు ఏ ఇంజన్‌తోనూ రాదు. అక్కడ పనికొచ్చేది పోటు చివరి గంట దాకా బయట ఆగి, నీరు నిలకడగా ఉన్నప్పుడు లోపలికి రావడం. ఇంజన్ నుంచి కావలసింది పెద్ద ప్రొపెల్లర్ చుక్కాని మీదికి ఒక్కసారిగా విసిరే నీటి ధార. అమరం పక్కకు తిరగబోయినప్పుడు నాలుగు సెకన్లు థ్రాటిల్ తోస్తే బోటు మళ్లీ దారిలోకి రావాలి. దానికి వేగం అక్కరలేదు, తోపు కావాలి. తోపు వచ్చేది నెమ్మదిగా తిరిగే పెద్ద వ్యాసం ఉన్న ప్రొపెల్లర్ నుంచి.

అందుకే హార్స్‌పవర్ అంకె మీద పోట్లాడినంత సేపు గేర్‌బాక్స్ నిష్పత్తి మీద కూడా పోట్లాడమంటాను. 2.5:1 దగ్గర తగ్గింపు ఇచ్చి (ఇంజన్ రెండున్నర చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు), హల్ కింద పట్టినంత పెద్ద ప్రొపెల్లర్ వేసుకోండి. రెక్క అంచుకూ హల్‌కూ మధ్య వ్యాసంలో కనీసం 10 శాతం, వీలైతే 15 శాతం ఖాళీ ఉండాలి. 60 సెంటీమీటర్ల ప్రొపెల్లర్‌కు 9 సెంటీమీటర్లన్నమాట. ఈ ఖాళీ ఇప్పుడు కొలవకపోతే తర్వాత కొలిచి లాభం లేదు.

మరి ఏ ఇంజన్? మీ ముందున్న దారులు చెబుతాను, ఎంపిక మీది.

60 తీసుకోవచ్చు. బోటు తేలికగా ఉంచుకుని, వాతావరణం బాగాలేనప్పుడు కదలకుండా, ఫలానా రోజుకు ఫలానా చోట ఉండాలన్న పట్టింపు లేకుండా తిరిగేవారికి అది నిజంగానే చాలు. తక్కువ బరువు, తక్కువ శబ్దం, ఎప్పుడూ తగినంత భారంతో నడవడం వల్ల ఇంజన్‌కు ఆరోగ్యం. చెల్లించాల్సిన మూల్యం ఒక్కటే: 40 నాట్ల గాలి ఎదురైన రోజున మీరు ముందుకు కాదు, పక్కనున్న ఆశ్రయం వైపు వెళ్తారు.

85 నుంచి 100 మధ్య తీసుకోవచ్చు. నా మొగ్గు ఇటే. 90 అనుకుందాం. ప్రొపెల్లర్ కోరే శక్తి దాదాపు ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఘనంతో మారుతుంది: పూర్తి వేగంలో 80 శాతం తిప్పితే సగం శక్తే ఖర్చవుతుంది. కాబట్టి 2600 ఆర్‌పీఎం ఇంజన్ 6.3 నాట్ల ప్రయాణంలో 1700 దగ్గర గుసగుసలాడుతూ గంటకు 5 లీటర్ల చొప్పున తాగుతుంది. పెద్దది పెట్టినందుకు ప్రతి గంటా దండుగ కట్టడం ఉండదు. 100 నాటికల్ మైళ్లకు 6.3 నాట్లతో 16 గంటలు, 80 లీటర్లు. 7.7తో 13 గంటలు, 117 లీటర్లు. ఆ మూడు గంటలు ఎప్పుడు కొనుక్కోవాలో మీరే నిర్ణయించుకుంటారు. సహజంగా గాలి పీల్చే ఇంజన్ దొరికితే టర్బో (గాలిని ఒత్తి లోపలికి తోసేది), ఆఫ్టర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది) శుభ్రత తలనొప్పి కూడా ఉండదు. మూల్యం: కొంత బరువు, కొంత ధర, కొంచెం లావు షాఫ్టు, ఎగ్జాస్టు గొట్టం.

230 తీసుకోవచ్చా? ఈ హల్‌లో వద్దు. 6 నాట్ల వేగంలో అది పదో వంతు భారంతో నడుస్తుంది. డీజిల్ ఇంజన్ అలా చల్లగా, ఏ బరువూ లేకుండా గంటల తరబడి తిరిగితే సిలిండర్ గోడలు నునుపెక్కి, నూనె తాగడం మొదలవుతుంది. టర్బోలో మసి పడుతుంది. కొత్త ఎలక్ట్రానిక్ ఇంజన్లు దీన్ని కొంత తట్టుకుంటాయి, అయినా అప్పుడప్పుడు బాగా వేడెక్కించి పది నిమిషాలు గట్టిగా తోలాల్సిందే. మరో చిక్కు, రేవులో గేరు వేయగానే ఐడిల్ మీదే బోటు మూడు నాలుగు నాట్లతో ముందుకు దూకుతుంది. గోడకు ఆనించేటప్పుడు గేరు వేస్తూ తీస్తూ ఉండాలి. ఆ పని సగం సార్లు మీదే.

ఒకవేళ మీ భర్త మనసులో నిజంగా 12 నాట్ల కోరిక ఉంటే అది ఇప్పుడే బయటికి రావాలి. ఉంటే తప్పేమీ లేదు. దానికి దారి ఈ హల్‌ను ఎవరికైనా అమ్మి సెమీ డిస్‌ప్లేస్‌మెంట్ హల్ తీసుకోవడం, 150కి పైన ఇంజన్ పెట్టడం, అదే 100 మైళ్లకు 117 లీటర్లకు రెట్టింపు పైనే కాల్చడానికి సిద్ధపడటం. ఖరీదైన నిర్ణయమే, కానీ ఈ హల్‌లో ఆ ఇంజన్ బిగించడం కన్నా చవక. రెండు చిన్న ఇంజన్లు పెడదామా అని ఎవరో అన్నారని రాశారు. బోటు ఆగిపోయే కారణాల్లో మురికి ఇంధనం ముందుంటుంది, ఒకే ట్యాంకు మురికి రెండింటినీ ఆపుతుంది. ఆ డబ్బుతో ఇటు నుంచి అటు తిప్పుకోగలిగిన జంట ఫిల్టర్లు పెట్టించండి.

రేటింగు మాట కూడా వినండి. ఒకే ఇంజన్ బ్లాకును కంపెనీలు పని పడవలకు ఒక అంకెతో, విహార పడవలకు అంతకన్నా పెద్ద అంకెతో అమ్ముతాయి. కొన్ని విహార రేటింగుల్లో పూర్తి శక్తిని ప్రతి 12 గంటల్లో ఒక గంటకు మించి వాడకూడదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. బ్రోచర్ అట్ట మీది అంకెను నేను లెక్కలోకి తీసుకోను. 90 కావాలంటే నిరంతరాయ రేటింగులో 90 అడగండి, లేదా విహార రేటింగు అయితే 110 దగ్గర చూడండి.

ఇక బావగారి సంగతి. అప్పిచ్చేది ఆయన కాబట్టి ఆయన మాటను తోసిపుచ్చితే ఇంట్లో అది ఇంజన్ గొడవగా ఉండదు, మర్యాద గొడవ అవుతుంది. ఆయనతో '230 ఎందుకు?' అనకండి. 'బావగారూ, 10 టన్నుల బరువుతో ఈ హల్‌కు 60, 90, 230 పెడితే ఎంతెంత వేగం వస్తుందో, గంటకు ఎంత తాగుతుందో యార్డు చేత రాయించి తెస్తాం, మీరు చూసి చెప్పండి' అనండి. బోటు తోలిన మనిషి కదా, 60కీ 90కీ 230కీ మధ్య నాట్ల తేడా ఎంత తక్కువో ఆ కాగితమే ఆయనకు చెబుతుంది, మీరు చెప్పాల్సిన పని ఉండదు. ఆయన అనుభవానికి సరైన పని ఇంకొకటి ఉంది: నీటి పరీక్ష రోజున ఆయన్నే ముందు నిలబెట్టండి. ట్యాంకులు నింపి, సామానంతా ఎక్కించి, అడుగు శుభ్రంగా ఉన్నప్పుడు పూర్తి థ్రాటిల్ వేస్తే ఇంజన్ తన పూర్తి ఆర్‌పీఎం అందుకోవాలి. 2600 ఇంజన్ 2350 దగ్గరే ఆగి నల్లటి పొగ వదిలితే ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) ఎక్కువైనట్టు. దాన్ని సరిచేసి ఇచ్చే బాధ్యత యార్డుదేనని, ఆఖరి వాయిదా ఆ తర్వాతేనని ఒప్పందంలో రాయించుకోండి. మీ భర్త భోజనం మధ్యలో లేచిపోతున్నది ఇద్దరిలో ఎవరినో ఒకరిని ఓడించాల్సి వస్తుందనేమో. ఇలా అయితే ఎవరూ ఓడరు. మేస్త్రి 60 సరిపోతుందన్న మాటా నిలుస్తుంది, మిగులు ఉండాలన్న బావగారి పట్టూ నిలుస్తుంది.

యార్డులోని పాత ఇంజన్ గురించి: కిందటి బోటులో అది ఎన్ని గంటలు నడిచిందో, ఎందుకు తీసేశారో తెలియకపోతే వద్దు. తెలిస్తే కంప్రెషన్ పరీక్ష, నూనె పరీక్ష చేయించండి. హీట్ ఎక్స్ఛేంజర్ (ఇంజన్ వేడిని సముద్రపు నీటికి వదిలే భాగం), ఎగ్జాస్ట్ మోచేతి గొట్టం విప్పి చూపించమనండి. ఉప్పునీరు ముందుగా తినేది వాటినే. రాత్రంతా చల్లారాక, మీరు వెళ్లకముందే వేడి చేయకుండా, మీ ఎదుటే మొదటిసారి స్టార్ట్ చేయించండి. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయా అన్నది కూడా అడగండి. వీటిలో దేనికైనా యార్డు సాకులు చెబితే ఆ ఇంజన్‌ను అక్కడే ఉండనివ్వండి.